తన పొగ తానే

కరెంటు పోయింది రాత్రి రెండు దాటాక.
ఏరేటర్ల చక్రాలు ఒక్కొక్కటే
చెప్పాపెట్టకుండా ఆగిపోయినాయి.
ఇస్కపల్లి గుంటల మీద
నీళ్ళెక్కడ మొదలో కాలికే తెలియాల్సిన చీకటి.

జనరేటర్ తిప్పాను. పలికింది.
పావుగంట గడిచిందో లేదో గొంతు బొంగురుపోయి,
నల్లగా దగ్గి,
ఎనిమిది చక్రాలు మోయాల్సింది
మూడింటికి దిగిపోయింది.
టార్చి వేస్తే గట్టువార వనామి రొయ్యలు
మీసాలు పైకెత్తి గాలిని అడుక్కుంటున్నాయి.

ఫోన్ చేస్తే పామంజి పోలయ్య
కట్టుకున్న లుంగీతోనే వచ్చాడు.
నేవీ పోలయ్య అంటారు మా పక్క.
నిలువునా లేచే విమానాల కడుపులు
గోవాలో ఇరవై రెండేళ్ళు విప్పి మూసిన చేతులు.

స్పానర్ బయటికి తీయలేదు.
షెడ్డు ముందు నిలబడి ముక్కుతో చూశాడు.
"తలుపెవురేసింది?"
"జల్లు కొడతా ఉందని నేనే."
తలుపు తన్నాడు. కిటికీకి కట్టిన తడిక పీకేశాడు.
విరిగిన సైలెన్సర్ గొట్టం లోపలే కక్కిన పొగ
తాపీగా, ఇంటివాడిలా బయటికి నడిచింది.
ఇంజన్ రెండు మూడుసార్లు తడబడి
గొంతు సవరించుకుంది.
నాలుగో చక్రం. అయిదు. ఆరు.

"దానికి ఆయిలు తక్కువై కాదబ్బయా,
వదిలిన గాలే మళ్ళా పీలుస్తా ఉంది."

గట్టు మీద కూర్చుని
నా ఫ్లాస్కులో టీ తనే వొంపుకున్నాడు.
"హారియర్‌కి ఒకటే ఇంజను, నాలుగు నోళ్ళు.
ముందు రెండిట్లో చల్లగాలి, ఎనక రెండిట్లో మంట.
పైలట్ చేతికింద ఇంత పిడి.
లాగితే నాలుగూ ఒక్కసారే నేలకేసి వొంగతాయి.
ఇంక రెక్కలతో పనిలేదు.
అంత బరువూ తన ఊపిరి మీద తనే కూర్చునిద్ది.

పైన ఉన్నంతసేపూ దొరే.
దిగేటప్పుడే చిక్కంతా.
తన్నిన వేడి నేలకి కొట్టుకుని ఎగిరొచ్చి
ముందర నోట్లో దూరిందా,
ఇదిగో, నీ జనరేటరే."

"బరువెక్కువుంటే?"
"నిలువునా లేవనీరు, కొంచెం పరిగెత్తిస్తారు.
ఓడ కొసన ఎత్తుగా ఒక వొంపు,
దాని మీదనుంచి గాల్లోకి విసిరేసినట్టు.
పులికాట్‌లో గూడబాతుని చూళ్ళా,
నీళ్ళని తన్నుకుంటా, తన్నుకుంటా..."
చెయ్యి ఎత్తబోయాడు. టీ వొలికింది.

"ఎండాకాలం గాలి పల్చబడితే
ఇంజన్లోకి నీళ్ళు చిమ్మేది.
ఉండేది ఒక్క ట్యాంకీ. తొంభై సెకన్లు.
అంతలోపల చక్రాలు నేలకి ఆనాల.
నేను కిందనుంచి లెక్కపెట్టేవోణ్ణి.
నా లెక్క పైలట్‌కి వినపడదు. అయినా సరే."

ఆ విమానాలు ఆపేసినప్పుడు
నువ్వు అక్కడే ఉన్నావా అని అడగబోయి
ఏడో చక్రం వైపు చూశాను. తిరుగుతా ఉంది.
ఎనిమిదోది తెల్లారినా తిరగలేదు,
దాని బెల్టు వేరే కథ.

తూర్పున సముద్రం బూడిదరంగులో బయటపడేసరికి
నల్లచుక్కల లకుముకి ఒకటి వచ్చి
గుంట నడిమధ్య గాల్లో నిలబడింది.
తల కదల్లేదు. రెక్కలు మాత్రం కనపడనంత.
పోలయ్య పెదాలు కదులుతున్నాయి.
ఒకటి, రెండు, మూడు...
పదకొండుకి రాయిలా పడి
ముక్కున రొయ్యతో లేచింది.
మా రొయ్యే. కేజీకి నలభై కౌంటు.

"దానికి ట్యాంకీ ఎందుకు," అన్నాడు,
"నీళ్ళు కిందనే ఉండాయి."

కూలెంత అంటే మాట్లాడలేదు.
లేచి, అప్పుడు తీశాడు స్పానర్,
షెడ్డు తలుపు గొళ్ళెం విప్పి
లుంగీ మడతలో దోపుకుని
గట్టెమ్మట వెళ్ళిపోయాడు.